పుర్రచేతి ముడి

“ఆ దీవిలో నీకేటి పనే? సెప్పు! ఇంట్లో మొగుడి కర్మ ఎట్టుకొని, సంచీ తగిలించుకొని షికార్లు తిరుగుతావేటి?”

బారువలో ఉన్న అసిరమ్మకు ఫోను అక్కర్లేదు. ఒడ్డున నిలబడి అరిస్తే చాలు, అండమాన్ దాకా వినబడుతుంది. ఆ దీవిలో, యాత్రికుల హాస్టల్ అరుగు మీద కూర్చున్న పావని ఫోనును చెవికి కాస్త దూరంగా జరిపి, మెల్లగా అంది.

“షికారు కాదత్తా.”

“కాకపోతే ఏటి? వైజాగులో నేస్తురాలింటికని సెప్పి ఓడెక్కీసినావు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ రోజు నలుగురికీ నానేటి సెప్పాలి? కర్మకి కోడలు నేదు. గాజులు తీద్దామంటే సెయ్యే నేదు!”

పావని తన చేతుల వైపు చూసుకుంది. మణికట్టుకు ఎర్ర మట్టిగాజులు. పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కల పొట్టు తీసి తీసి వేళ్ళ కొసలు నల్లగా మాడినట్టున్నాయి. మూడేళ్ళుగా ఆ గాజుల గురించి ఊరు మాట్లాడని రోజు లేదు. ఉంటే ఎందుకున్నాయంటారు. తీస్తానంటే ఎలా తీస్తావంటారు.

“ఒక్క పూట ఆపండత్తా. నేనొచ్చాక చేద్దాం.”

అవతల అసిరమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే ఇంట్లో అందరికీ భయం. ఆ భయంతోనే కాబోలు, మరిది రవికుమార్ ఫోను అందుకున్నాడు.

“వొదినా, సాయంత్రం పోటు రాకముందే ఒడ్డున దహనం. అన్నయ్యకి బదులు దర్భలతో బొమ్మ కట్టీసినారు. పంతులుగారు నిన్ను అక్కడే సముద్రంలో తానం సేసి, గాజులు తీసి నీళ్ళలో వదిలీమన్నారు. నాను ఫోను సేత్తాను. అప్పుడు...”

“నువ్వు కూడానా రవీ?”

“మూడేళ్ళు ఆగినాం వొదినా. అన్నయ్య చావు తేలకుండా ఇంట్లో నా పెళ్ళి సెయ్యకూడదంటన్నారు. ఆ పిల్ల వాళ్ళు ఇంక ఆగరు.”

పావనికి కోపం రాలేదు. వాడి తప్పేముంది? చచ్చినవాడి కోసం బతికున్నవాడు ఎన్నాళ్ళు ఆగుతాడు?

ఆమెకు అంతుపట్టనిది అత్త సంగతి. పావని మొగుడు యువరాజూ, తమ్ముడు శీనూ వెళ్ళిన చిన్న పడవ ఇక్కడి నీళ్ళలో బోర్లాపడి దొరికినప్పటి నుంచీ, కర్మ మాటెత్తిన పంతుల్ని గుమ్మం ఎక్కనివ్వని మనిషి అసిరమ్మ. “శవం అవుపడందే నా కొడుక్కి కర్మేటి?” అని చీపురు పట్టుకున్న మనిషి. అలాంటిది ఈ ఆశ్వయుజంలో తనే పంతుల్ని పిలిచి, పీట వేసి, ముహూర్తం పెట్టమంది. ఎందుకని అడిగితే తల వంచుకుని వంటింట్లోకి పోయింది.

అత్తకు ఆశ పోయిన రోజు పావనికి కాళ్ళ కింద ఇసుక కదిలింది. గాజులు తీసేముందు ఆ నీళ్ళేవో ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. అంతే, బయలుదేరింది.

*

వెళ్ళమన్నది లోకంలో ఒక్కరే, కన్నతల్లి కాంతమ్మ.

ఆమె ఏడవలేదు, వద్దనలేదు. కొడుకు శీను టెక్కలి ఐటీఐకి వేసుకెళ్ళిన సంచీని పెట్టెలోంచి తీసి దులిపింది. తెగిన జిప్పుకు పిన్నీసు పెట్టింది. “ఆడు సూడాలనుకున్న సోట్లు నువ్వైనా సూసి రా” అంది.

శీనుకు హేవ్‌లాక్ దీవి పిచ్చి. వీపున సంచీ వేసుకుని ఒంటరిగా దేశాలు తిరిగేవాళ్ళ వీడియోలు ఫోనులో చూస్తూ అన్నం చల్లార్చుకునేవాడు. “అక్కా, ఇటు సూడు. ఈ పిల్ల ఒక్కర్తే ఎల్లిపోనాది. మనం సేపలకే ఎల్తాం. ఆలు ఊరికే ఎల్తారు. ఊరికే! ఎంత బాగుంటాదో.” బావ అండమాన్ పడవ పనికి వెళ్తున్నాడని తెలిసి వెంటపడ్డాడు.

పలాస స్టేషన్లో రైలు కదులుతుంటే పావని కిటికీ పట్టుకుని నడుస్తూ, నవ్వుతూ మొగుడితో అంది. “వాడి సరదా తీర్చు. ఆ దీవి ఒక్కసారి చూపించి తీసుకురా.” యువరాజు ఎడమచెయ్యి ఊపాడు.

అదే ఆఖరి చూపు.

ఇప్పుడు ఆ సంచీ ఆమె వీపు మీదుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో హేవ్‌లాక్ దీవికి వచ్చినప్పటి నుంచీ తమ్ముడి తరఫున తిరుగుతోంది. ఏడో నంబరు బీచ్‌లో పొద్దు కుంకడం చూసింది. నల్లరాళ్ళ ఒడ్డు దాకా ఎండలో నడిచింది. అడవి దారిన బురదలో జారుతూ ఏనుగుల బీచ్‌కు వెళ్ళింది. ప్రతి చోటా కాసేపు ఆగి, “ఇదిగోరా శీనూ” అని లోపల అనుకుంది.

బారువ సముద్రం చూసి పెరిగిన కళ్ళకు ఈ సముద్రం వింతగా ఉంది. అడుగున గులకరాయి కూడా కనిపిస్తోంది. జనం కేరింతలు కొడుతున్నారు, ఫొటోలు దిగుతున్నారు. ఇంత చక్కటి నీళ్ళు ఇద్దరు మగాళ్ళను మింగాయంటే ఎవరైనా నమ్ముతారా? పావనికి ఆ నీళ్ళను చెంపమీద కొట్టాలనిపించింది.

హాస్టల్లో పక్క మంచం కలకత్తా పిల్లది. ఆ పిల్ల మొదటి రోజే కళ్ళు పెద్దవి చేసి హిందీలో అంది. “ఒక్కదానివే వచ్చావా? సోలో ట్రిప్పా? ఎంత ధైర్యం!”

ఇంటి దగ్గర ఏ పనికి శాపనార్థాలు పెడుతున్నారో, ఇక్కడ ఆ పనికే దండలు వేస్తున్నారు. పావని వచ్చీరాని హిందీలో అవునంది.

*

ఫోను పెట్టేసి అరుగు మీదే కూర్చుండిపోయిన పావనిని ఆ పిల్లే చెయ్యి పట్టి లేవదీసింది. ఐదో నంబరు బీచ్‌లో ఒక రిసార్ట్ ముందు రెండు చెట్లకు వల ఉయ్యాల కట్టారట. అందులో పడుకుంటే ఫొటో బాగా వస్తుందట. తియ్యడానికి మనిషి కావాలట.

కాదనడానికి కూడా పావనికి ఓపిక లేదు. వెళ్ళింది.

ఆ పిల్ల నవ్వుతూ ఉయ్యాల ఎక్కబోయింది. ఉయ్యాల తిరగబడబోయింది. పావని గబుక్కున అంచు పట్టుకుంది.

ఆమె వేలు ముడికి తగిలి ఆగింది.

వల ముడి అందరిదీ ఒకేలా ఉంటుందని మెట్ట మీది వాళ్ళు అనుకుంటారు. ఒడ్డున పుట్టినవాళ్ళకు తెలుసు. యువరాజుది పుర్రచేతివాటం. అతని ముడులన్నీ ఎదురు తిరిగి ఉండేవి. “నీ ముడి ఇప్పాలంటే అద్దంలో సూసి ఇప్పాలిరా” అని తోటివాళ్ళు ఏడిపించేవారు. ఇంటి ముందు కూర్చుని అతను చిరుగులు అల్లుతుంటే, అవతలి కొస పట్టుకుని పావని వేలితో ఒక్కో వలకన్నూ తడిమి చూసేది. ఎదురుముడి దగ్గర ఆమె వేలు ఎప్పుడూ ఆగేది.

పుర్రచేతివాళ్ళు లోకంలో ఎంతమంది లేరు! పావని తనకు తనే నచ్చజెప్పుకుంది. కానీ చెయ్యి ఆగలేదు. ముడి తర్వాత ముడి తడుముకుంటూ ఉయ్యాల కొసకు వెళ్ళింది.

అక్కడ ఆఖరి కంటికి వేలెడు నూలుదారం కట్టి ఉంది. పసుపు దారం.

అసిరమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆచారం అది. ఏటా గంగమ్మ పండుగకు నూలును పసుపులో ముంచి ఆరబెడుతుంది. ఆ ఇంటి మగాళ్ళు వల పని పూర్తయితే ఆఖరి ముడికి ఇంత దారం కడతారు. గంగమ్మకు చెప్పుకోకుండా వలను చేతిలోంచి వదలకూడదు. బారువలో మరే ఇంటికీ ఈ అలవాటు లేదు.

వలే కాని వలకు, షోకిలాలు పడుకునే ఉయ్యాలకు, ఎవరు కడతారు ఆ దారం? చెయ్యి ఊరుకోక కట్టేవాడు కడతాడు.

ఎండ తగిలితే ఆ పసుపు నెల తిరక్కుండానే వెలిసిపోతుంది. ఇది ఇంకా వెలవలేదు.

“ఏమైంది? ఫొటో తియ్యవా?” అని కలకత్తా పిల్ల అడుగుతోంది.

పావని ఆ పిల్ల ఫోను ఆ పిల్ల చేతిలోనే పెట్టేసింది. సంచీ భుజానికి వేసుకుంది. మొదట నడిచింది, తర్వాత పరిగెత్తింది. బతికున్నాడు. మొగుడు బతికున్నాడు. మొగుడు బతికుంటే తమ్ముడూ బతికుండాలి కదా! ఇద్దరూ ఒక్క పడవలోనే కదా వెళ్ళింది!

మూడేళ్ళ తర్వాత ఆమెకు గట్టిగా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరిగెత్తింది.

*

జెట్టీ దగ్గర ఢిల్లీరావు టిఫిన్ దుకాణం. టెక్కలి మనిషి. గోడకు రావివలస మల్లికార్జునుడి పటం, దానికి రోజూ కొత్త దండ. దీవిలో పావనికి తెలిసిన తెలుగు ముఖం అదొక్కటే. ఏటా ఎండాకాలంలో ఊరికొస్తే బారువ వచ్చి అసిరమ్మ చేతి కాఫీ తాగి వెళ్తాడు. దిగిన రోజు పావనిని చూసి ఇడ్లీ పళ్ళెం జారవిడిచాడు. తర్వాత సర్దుకుని, “మల్లన్నకి మొక్కుకున్నానమ్మా, నీచు ముట్టి ఏళ్ళయిపోనాది. మా దుకానంలో ఇడ్లీ, దోసే ఉంటాది” అని అక్కర్లేని సంగతులన్నీ చెప్పాడు.

“అన్నా, ఐదో నంబరు బీచ్‌లో వల ఉయ్యాల ఎవరు అల్లినారు?”

“ఉయ్యాలేటమ్మా? బోలెడుంటాయి. బంగాలీలు అల్లుతారు.”

“పుర్రచేతి బంగాలీయా?”

ఢిల్లీరావు పెనం మీద దోసె తిరగెయ్యడంలో పడ్డాడు. తిరగేసిన దోసెనే మళ్ళీ తిరగేశాడు.

“నాకేటి తెలుసు సెల్లీ. దీవన్నాక సవాలక్ష మంది...”

“అన్నా, నువ్వు నీచు మానేసి ఎన్నాళ్ళయింది?”

“సెప్పినాను కదా, నాలుగేళ్ళు దాటినాది. మల్లన్న మీద ఒట్టు, ముక్క ముట్టనేదు.”

“మరి మొన్న ఎండాకాలంలో మా అత్త నా చేత ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టించింది. ఢిల్లీరావుకి ఇష్టమంది. నేనే ఆకులో చుట్టి, గుడ్డ కట్టి నీ చేతికిచ్చాను. ఆ నెత్తళ్ళు ఎవరు తిన్నారన్నా?”

దోసె మాడింది. తేలు కుట్టిన దొంగలా ఢిల్లీరావు నిలబడిపోయాడు. కాసేపటికి పొయ్యి ఆర్పి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“నన్నడక్కమ్మా. ఒట్టేయించుకున్నాడు.”

“ఒట్లు నీకేనా? తాళి కట్టినప్పుడు ఆయన వేసినవి ఏమైనాయి?”

ఢిల్లీరావు జేబులోంచి ఫోను తీయబోతే పావని చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందుగా చెప్పొద్దు. చెప్తే మళ్ళీ పోతాడు.”

అతను తల ఊపి స్కూటర్ తాళం తీసుకున్నాడు.

పోకతోటల మధ్య సన్నటి దారిలో స్కూటర్ వెళ్తోంది. వెనక కూర్చున్న పావని ఒళ్ళో శీను సంచీ. శీను కనబడగానే తిట్టాల్సిన తిట్లన్నీ పోగుచేసుకుంటోంది. ఈ సంచీ వాడి ముఖాన విసిరికొట్టాలి. అమ్మ నీకు పిండం పెట్టిందిరా వెధవా అని చెంప పగలగొట్టాలి. ఆ తర్వాత వదలకుండా పట్టుకోవాలి.

“అన్నా, శీనుగాడు కూడా ఇక్కడే ఉన్నాడా?”

ఢిల్లీరావుకు వినబడింది. అతని భుజాలు బిగుసుకోవడం ఆమె చూసింది. అయినా ఇంజను మోతలో వినబడలేదనే అనుకుంది. మళ్ళీ అడగడానికి మాత్రం నోరు రాలేదు.

*

చెరువు గట్టున ఒక బంగాలీ ఇంటి వెనక రేకుల పాక. ఢిల్లీరావు దూరంగానే స్కూటర్ ఆపాడు.

“అదుగో. ఒక్కడే ఉంటాడు. ఆడదీ నేదు, పిల్లాజెల్లా నేదు. ఎవరితోనూ మాటాడడు. ఉయ్యాలలు అల్లుతాడు, వండుకుంటాడు, పడుకుంటాడు. నువ్వెల్లు. నాను ఇక్కడే ఉంటాను.”

ఒక్కడే! ఆ మాట పావని గుండెలో రాయిలా పడింది.

పాక ముందు, ఆమెకు వీపు పెట్టి, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గుంజకు కట్టిన వల అతని ఒళ్ళోకి జారుతోంది. తల సగానికి సగం నెరిసింది. ఎడమచేతిలో సూది ఆడుతోంది, ఎదురు తిప్పి ముడి వేస్తోంది. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. మిగతా మనిషి తెలియదు.

పిలవబోయింది. ఫోను మోగింది.

గబుక్కున పోకచెట్టు వెనక్కి జరిగి ఎత్తింది. అవతల డప్పులు, అలల హోరు, రవికుమార్ గొంతు.

“వొదినా, అంతా సిద్దమైపోనాది, ఇంక అంటించడమే. నాన్న నిప్పు పట్టుకున్నాడు. నువ్వు నీళ్ళ దగ్గరకి ఎల్లినావా?”

“ఫోను అత్తకియ్యి.”

“వొదినా, ఇప్పుడు...”

“ఇయ్యి రవీ.”

అసిరమ్మ ఊపిరి వినిపించింది. పొద్దుటి అరుపు లేదు.

“అత్తా, జనంలోంచి పక్కకి రా.”

డప్పులు కొంచెం దూరమయ్యాయి.

“వచ్చినాను. సెప్పు.”

“ఎండాకాలంలో నా చేత కట్టించిన నెత్తళ్ళు ఎవరికత్తా?”

నోరు తెరిస్తే ఊరు దద్దరిల్లే మనిషికి మాట కరువైంది.

“నా ఎదురుగా కూర్చున్నాడు నీ కొడుకు” అంది పావని. “నన్నింకా చూళ్ళేదు.”

“ఎలగున్నాడే?” అసిరమ్మ గొంతు పీలగా వచ్చింది. “సిక్కిపోనాడా? తింటన్నాడా?”

నిలదీద్దామని కూడగట్టుకున్న కోపమంతా ఆ రెండు మాటలకు జారిపోయింది. పావని కళ్ళు తుడుచుకుంది.

“తల నెరిసిపోయింది.”

“ఓలమ్మ! నా తండ్రే! ముప్పయ్యారు నిండనేదే ఆడికి!”

“నా తమ్ముడేడత్తా?”

“పావనీ...”

“శీనుగాడేడి?”

“నేడమ్మా. ఆ రోజే పోనాడు. ఈడి సేతిలో ఆడి సెయ్యి ఉందట. అల మీద అల వచ్చి జారిపోనాదట. ఈడు ఎలగో ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు. ఢిల్లీరావు సెప్పేదాకా నాకూ తెలీదే. గంగమ్మ తోడు, ఈ ఎండాకాలం దాకా తెలీదు.”

పావని సంచీని గుండెలకు అదుముకుంది. స్కూటర్ మీద పోగుచేసుకున్న తిట్లన్నీ ఏం చేసుకోవాలిప్పుడు? మూడేళ్ళ కింద ఒకసారి చచ్చిన తమ్ముడు పోకతోటలో ఇంకోసారి చచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

“మరి ఈయన ఎందుకు రాలేదు? నాకో మాట చెప్తే ఏం పోయింది? మొన్న మా అమ్మ మీ అరుగు మీద కూర్చుని ఏడ్చినప్పుడు నీళ్ళిచ్చావు కదత్తా, అప్పుడైనా...”

“ఏ ముకం ఎట్టుకొని వత్తాడే? ఆ పూట గాలి బాగునేదని ఎవరూ పడవలు తియ్యనేదట. ఈడు తీసినాడు. వలకి కాదు. శీనుగాడికి ఆ దీవి సూపిద్దామని తిప్పినాడు.”

అసిరమ్మ చెప్పకూడని మాట చెప్పేసింది.

“నువ్వు అడిగినావట కదే.”

పలాస స్టేషన్, కిటికీ, కదిలే రైలు. వాడి సరదా తీర్చు. ఆ దీవి ఒక్కసారి చూపించి తీసుకురా.

పావని చెట్టుకు చేరగిలబడింది.

“ఆ మాట నీ సెవిన పడకూడదని ఆడి తాపత్రయం. ‘దానికి తెలిస్తే బతికున్నన్నాళ్ళూ తన్ను తానే తిట్టుకుంటాది. నాను సచ్చినానే అనుకోనీ. కర్మ సేసీండి, దానికి మారుమనువు సేసీండి’ అని ఢిల్లీరావు సేత ఫోనులో సెప్పించినాడు. ఆశ్వయుజంలో.”

“నువ్వు ఒప్పుకున్నావా?”

“ఒప్పుకోక? ఆ బొమ్మకి తలకాయలాగ ఎట్టిన కొబ్బరికాయ ఆడు నాటిన సెట్టుదే. పొద్దున్న నానే కోయించినాను. కన్నకొడుకు తల ఒళ్ళో ఎట్టుకొని కూకున్నాను. ఇంకా ఏటి అడుగుతావు నన్ను?”

“మావకి తెలుసా?”

“తెలిస్తే ఆ నిప్పు పట్టుకోగలడేటి?”

డప్పుల మోత పెరిగింది. ఎవరో అసిరమ్మను కేకేస్తున్నారు. పోటు వస్తోందంటున్నారు.

“పావనీ, ఇంక నా సేతుల్లో నేదు. అంటించమంటే అంటిత్తారు. ఆపమంటే ఆపుతాను. నువ్వే సెప్పు.”

అంటిస్తే ఆమె గాజులు తీసి నీళ్ళలో వదలాలి. ఎదురుగా ఉన్న మనిషి ఎవరికీ ఏమీ కాడు. శీను ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. ఆపితే మొగుడు దక్కుతాడు. అయితే ఎందుకు దాక్కున్నాడో ఊరికి చెప్పాలి. కన్నతల్లి ముందు నిలబడి, నీ కొడుకును ఆ నీళ్ళ వైపు తిప్పింది నా మాటేనమ్మా అనాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“అత్తా, మా అమ్మ వచ్చిందా అక్కడికి?”

“వచ్చినాది. ఇసకలో కూకుంది. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టనేదు.”

“ఫోను అమ్మకియ్యి.”

“వొద్దే! ఆవిడకి సెప్పీకే. గుండె పగిలి సచ్చిపోద్ది!”

“శీనుగాణ్ణి కన్నది ఆవిడ! అంటించాలో ఆపాలో నేను చెప్పేదాన్ని కాదు. అమ్మకియ్యత్తా!”

గొంతు తనకు తెలియకుండానే లేచింది. పాక ముందు ఆడుతున్న ఎడమచెయ్యి ముడి మధ్యలో ఆగిపోయింది.

అతను వెంటనే తిరగలేదు. చేతిలో సూది అలాగే ఉంది. విన్నది నిజమో కాదో తేల్చుకుంటున్నవాడిలా తల పక్కకు వంచాడు. మెల్లగా లేచి ఇటు తిరిగాడు.

ఒళ్ళోంచి జారిన వల అతని కాళ్ళకు చుట్టుకుంది. అతని చూపు ఆమె ముఖం మీద నిలిచింది, తర్వాత గాజుల మీదకు, ఆ తర్వాత గుండెకు అదుముకున్న సంచీ మీదకు దిగింది. శీను సంచీని గుర్తుపట్టాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఫోనులో ఇసుక చప్పుడు. తర్వాత కాంతమ్మ గొంతు, అలసటగా, ఎప్పటిలాగే నెమ్మదిగా.

“పావనీ, నువ్వేనా అమ్మా? ఏటైనా తిన్నావా?”

పావని వేళ్ళు సంచీ జిప్పుకు అమ్మ పెట్టిన పిన్నీసును తడిమాయి.

“ఇక్కడ ఏదో అంటన్నారు గానీ, నాకేటీ ఇనపడ్డం నేదు. అది సర్లే. శీనుగాడు సూడాలన్న సోట్లన్నీ సూసినావా?”

యువరాజు రెండు చేతులూ జోడించాడు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

“మాటాడవేటే? బాగుందా అమ్మా, ఆ దీవి?”